మేపుల్ బెండ్‌లో మేనరికం

ఏప్రిల్ నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం, షామ్‌బర్గ్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని, ఉమామహేశ్వరి ఒక అమెరికన్ కుర్రాడికి సొంత మేనత్త కూతురితో పెళ్ళి ఖాయం చేసేసింది. ఎదురుగా కంప్యూటర్‌లో ఫారం ఉంది. "పాత కథ ప్రకారం ఈ ఇద్దరి పెళ్ళికి ఏమైనా అడ్డు ఉందా?" అని ప్రశ్న. "లేదు" అని టైపు చేసి, కుక్కర్ మూడో కూత వేయడంతో పైకి వెళ్ళింది. పప్పు బాగా ఉడికింది. పెళ్ళి కూడా బాగానే జరిగింది. మూడంతస్తుల కేకు, చర్చి గుమ్మానికి తెల్ల గులాబీలు. పదకొండు ఎపిసోడ్లు తీసి డబ్బాలో పెట్టేశారు. అందులో తప్పుందని నెల తర్వాత గానీ ఆవిడకు తెలియలేదు.

ఆ కుర్రాడి పేరు నేథన్, పిల్ల పేరు క్లెయిర్. ఇద్దరూ ఉండేది మేపుల్ బెండ్ అనే ఊళ్ళో. ఆ ఊరు ఏ మ్యాపులోనూ లేదు. లాస్ ఏంజెలెస్‌లోని ఒక స్టూడియోలో, అట్ట గోడల మధ్య, యాభై ఏళ్ళకు పైగా ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం ఒంటిగంటకు దేశమంతటా కనిపిస్తుంది. ఆ సీరియల్ పేరు కూడా «మేపుల్ బెండ్».

రోజూ వచ్చే కథ రాయడమంటే వంద మందికి రోజూ వంట చేయడం లాంటిది. ప్రధాన రచయిత్రి లొరెయిన్ ఆరు నెలల కథ ముందే ఆలోచించి పెడుతుంది. ఐదుగురు దాన్ని రోజుల వారీగా ముక్కలు చేస్తారు. ఇంకొందరు ఆ ముక్కలకు మాటలు రాస్తారు. స్టూడియోలో రోజుకు ఐదారు ఎపిసోడ్లు తీసి అవతల పడేస్తారు. ఈ హడావుడిలో ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎన్నిసార్లు చచ్చి బతికారో రాసేవాళ్ళకే గుర్తుండదు. అవన్నీ గుర్తుపెట్టుకోవడమే ఉమామహేశ్వరి ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని, పధ్నాలుగేళ్ళుగా చేస్తోంది. ఈ దేశంలో ఆవిడ చేసిన ఉద్యోగం అదొక్కటే.

అది దొరికిన తీరు కూడా చెప్పుకోవాలి. 1998లో పెళ్ళి చేసుకుని భర్త వీసా వెనకాల వచ్చింది. ఆ వీసా మీద పని చేయకూడదు. లక్ష్మీపతి ఆఫీస్‌కి వెళ్ళిపోతే అపార్ట్‌మెంట్‌లో ఆవిడా, టీవీలో «మేపుల్ బెండ్». ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మొహాలు మాత్రం పూర్తిగా అర్థమయ్యేవి. కాకపోతే వాళ్ళు అందరినీ కజిన్ అనేవాళ్ళు, అందరినీ అంకుల్ అనేవాళ్ళు. ఇదేం సంసారమని విసుగెత్తి, ఉమామహేశ్వరి ఒక నోటుబుక్కు కొని వరసలు రాసుకోవడం మొదలుపెట్టింది. ఇతను ఆమెకు పినతండ్రి. వాడు వీడికి తోడల్లుడు, ఇద్దరికీ మాటల్లేవు. ఫలానా నర్సు ఫలానావారి ఉంపుడుగత్తె కూతురు, ఊళ్ళో తెలియదు. అలా నలభై ఒక్క పుస్తకాలు అయ్యాయి. గ్రీన్ కార్డ్ వచ్చాక ధైర్యం చేసి స్టూడియోకి ఉత్తరం రాసింది. "మంగళవారం మీ డాక్టరు ఎవరినైతే బాబాయి అన్నాడో, ఆయన అతనికి మామగారవుతారు, దయచేసి సరిచేయగలరు." పదో రోజున లొరెయిన్ స్వయంగా ఫోన్ చేసింది.

ఇక నెల తర్వాతి సంగతి. మే నెల మధ్యలో మంగళవారం, ఎప్పటిలాగే జూమ్‌లో మీటింగ్. లొరెయిన్‌కు డెబ్భై ఎనిమిదేళ్ళు. జూన్ నెలాఖరుకు రిటైర్ అవుతోంది. ఈ పెళ్ళే ఆవిడ రాసిన చివరి పెళ్ళి. ప్రొడ్యూసర్ కర్ట్, ఐదుగురు రచయితలు ఎపిసోడ్లు చూసి మెచ్చుకుంటున్నారు. అడిగితే తప్ప నోరు విప్పని ఉమామహేశ్వరికి ఆ పూట సంతోషం ఆగలేదు.

"పెగ్గీ ప్రాణం ఎంత సంతోషపడుతుందో! కూతురు తన పుట్టింటికే కోడలిగా వెళ్తోంది" అంది.

కర్ట్ కాఫీ కప్పు గాల్లోనే ఆగింది. "ఎవరి పుట్టింటికి?"

ఉమామహేశ్వరి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. క్లెయిర్ తల్లి పెగ్గీ. పెగ్గీ పెద్దాయన హాలొవేకి బయటి సంబంధం వల్ల పుట్టిన కూతురని 1988లో బయటపడింది. నేథన్ తండ్రి అదే హాలొవేకి పెద్ద కొడుకు. కాబట్టి పెగ్గీ నేథన్‌కి మేనత్త.

"అంటే... వీళ్ళు ఫస్ట్ కజిన్స్" అన్నాడు కర్ట్.

"అవునండీ. అందుకే కదా ఇంత చక్కగా కుదిరింది. నేనూ మా ఆయనా కూడా అంతే."

తెర మీద ఏడు మొహాలూ కదలకుండా ఉండిపోయాయి. ఇంటర్నెట్ పోయిందనుకుని ఉమామహేశ్వరి రౌటర్ దగ్గరకు వెళ్ళి వైరు పీకి మళ్ళీ పెట్టింది. తిరిగి వచ్చేసరికి మొహాలు అలాగే ఉన్నాయి, ఒక్క కర్ట్ మొహం మాత్రం ఎర్రబడింది.

"మీరు ఫారంలో 'లేదు' అని రాశారు."

"అడ్డు ఉందా అని అడిగారు. లేదు కదా."

వాళ్ళ లెక్కన అది అన్నాచెల్లెళ్ళ పెళ్ళితో సమానం. ఎనిమిదేళ్ళ కిందట వచ్చిన మనిషి కర్ట్. 1988 ఎవరికి గుర్తుంటుంది, వదిలేద్దామన్నాడు. లొరెయిన్ ఒప్పుకోలేదు. "చూసేవాళ్ళకు గుర్తుంటుంది కర్ట్. వాళ్ళ పిల్లల పుట్టినరోజులు మర్చిపోతారేమో గానీ ఇది మర్చిపోరు." అయితే శుక్రవారం మధ్యాహ్నం లోపల ఏదో ఒకటి తేల్చాలన్నాడు కర్ట్. తేలకపోతే పెళ్ళి ఎత్తేసి, పదకొండు ఎపిసోడ్లూ పక్కన పడేసి, పాతవేవో వేసుకుంటామన్నాడు. "అప్పుడు ఈ జ్ఞాపకాల పోస్టు మనకు అవసరమా అన్నది కూడా మాట్లాడుకుందాం" అని, ఉమామహేశ్వరి వైపు చూడకుండా మీటింగ్ ముగించాడు.

పావుగంటకు లొరెయిన్ ఫోన్. తిడుతుందనుకుని ఉమామహేశ్వరి కుర్చీ అంచున కూర్చుంది.

"ఉమా, నీ పెళ్ళి బాగా జరిగిందా?"

"బాగానే జరిగిందట లొరెయిన్‌గారూ. తెల్లవారుజామున ముహూర్తం. నేను సగం నిద్రలో ఉన్నాను."

లొరెయిన్ నవ్వింది. "నేను ముప్ఫై నాలుగు పెళ్ళిళ్ళు రాశాను. ఒక్కటీ నిలబడలేదు. మా కథల్లో పెళ్ళి నిలబడితే మర్నాడు రాయడానికి ఏమీ ఉండదు. ఈ ఒక్కటీ నిలబెట్టి వెళ్దామనుకున్నాను."

తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి ఈ వార్త అర్బానాలో చదువుకుంటున్న కూతురు భవితకు చేరింది. "అమ్మా! జూమ్‌లో? అందరి ముందా?" అని ఫోన్‌లో కేక. "నేను మిడిల్ స్కూల్ నుంచి ఎవరికీ చెప్పలేదు, తెలుసా? ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్ట్‌లో నానమ్మని రెండుసార్లు వెయ్యాలి. నేను ఒక్కసారే వేశాను!"

"రెండో నానమ్మ ఎక్కడిదే?"

"నీకు అత్త, నాన్నకి అమ్మ! లైన్స్ క్రాస్ అవుతాయి అమ్మా. టీచర్ మిస్టేక్ అనుకుంటుంది."

పక్కనే సోఫాలో లక్ష్మీపతి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "ఉమా, ఇప్పుడే చదివాను. మన ఇల్లినాయ్‌లో ఫస్ట్ కజిన్స్ పెళ్ళి చేసుకోకూడదట. ఇద్దరికీ యాభై దాటితే మాత్రం చేసుకోవచ్చట."

"అయితే?"

"నాకు యాభై ఐదు. నీకు యాభై ఒకటి. మనకి ఇప్పుడే ఎలిజిబిలిటీ వచ్చింది. అప్లై చేద్దామా?"

"ఐ యామ్ హ్యాంగింగ్ అప్" అని భవిత పెట్టేసింది.

బుధ, గురువారాలు ఉమామహేశ్వరి బేస్‌మెంట్ వదల్లేదు. 1988లో అందరూ చూసినదాన్ని చూడలేదనడానికి లేదు. చూపించకుండా వదిలేసినది ఏదైనా ఉందేమో వెతకాలి. వంటింట్లో కూడా అంతే కదా, వండినదాన్ని పచ్చిగా చేయలేం, మిగిలినదాంతోనే ఏదో ఒకటి చేయాలి. లొరెయిన్ పంపిన పాత కార్డుల పెట్టెలు, తన నోటుబుక్కులు నేలంతా పరిచింది. గురువారం మూడింటికి లక్ష్మీపతి కాఫీ పట్టుకుని దిగివచ్చి, చోటు లేక మెట్టు మీదే కూర్చుని, చేతికి అందిన పుస్తకం తీశాడు. ఎనిమిదో నోటుబుక్కు, 2001 మార్చి.

"'పెద్దాయన హాలొవే పోయాడు'" అని పైకి చదివాడు. "'పోయే ముందు పెగ్గీకి ఫోన్ చేయించి, నీకొకటి చెప్పాలమ్మా అన్నాడు. చెప్పలేదు. ఎపిసోడ్ అయిపోయింది. మర్నాడు అంత్యక్రియలు చూపించేశారు. ఏం చెప్పాలనుకున్నాడో!'"

ఉమామహేశ్వరి చేతిలోని కార్డు వదిలేసింది. "మళ్ళీ చదువు బావా."

అతను మళ్ళీ చదవలేదు. కింది వరస దగ్గర ఆగిపోయాడు. అది మేపుల్ బెండ్ కథ కాదు. "బావ ఈ రోజు మూడింటికే వచ్చాడు. ఒంట్లో బాగాలేదన్నాడు. ఒళ్ళు చల్లగానే ఉంది. ఏదో చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు" అని ఉంది.

ఆ రోజు లక్ష్మీపతి ఉద్యోగం పోయింది. మర్నాటి నుంచి తొమ్మిది రోజులు ఎప్పటిలాగే టక్ చేసుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని బయలుదేరి, లైబ్రరీలో కూర్చుని సాయంత్రం వచ్చేవాడు. పదో రోజున చెప్పాడు. ఆ తొమ్మిది రోజులూ ఆవిడకు తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"రెండో రోజే తెలిసింది. డబ్బాలో లైబ్రరీ చీటీ ఉండిపోయింది."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

లక్ష్మీపతి నోటుబుక్కు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ రోజుల్లో డబ్బాలో రెండేసి కూరలు పెట్టేదానివి. ఎందుకా అనుకున్నాను."

"లైబ్రరీలో కూర్చుంటే ఆకలెక్కువ వేస్తుందని" అంటూనే ఆవిడ ఫోన్ అందుకుంది.

లొరెయిన్ మొదటి రింగుకే ఎత్తింది. "లొరెయిన్‌గారూ, 2001 మార్చిలో పెద్దాయన పెగ్గీకి ఏం చెప్పాలనుకున్నాడండీ?"

అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఈసారి ఉమామహేశ్వరి రౌటర్ జోలికి వెళ్ళలేదు.

"ఆ నెల నేను లేను ఉమా" అంది లొరెయిన్ చివరికి. "నా భర్త హెన్రీ హాస్పిటల్‌లో ఉన్నాడు. వేరే ఎవరో రాశారు. హెన్రీని సాగనంపి తిరిగొచ్చేసరికి, ఇక్కడ వీళ్ళు పెద్దాయన్ని పాతిపెట్టేశారు. నేనేం రాయాలనుకున్నానో నాకే గుర్తులేదు. ఆ నెలలో నాకేదీ గుర్తులేదు."

"అయితే ఆయన చెప్పకుండా పోయినట్టే కదండీ. ఇప్పుడు చెప్పవచ్చు."

"ఏం చెప్తాడు?"

ఉమామహేశ్వరి మెట్టు మీద కూర్చున్న మనిషిని చూస్తూ అంది. "నువ్వు నాకు పుట్టలేదమ్మా, అంటాడు. చచ్చిపోయిన స్నేహితుడి కూతురివి. నీ తల్లి పరువు పోకూడదని ఆ తప్పు నా నెత్తిన వేసుకున్నాను. నిజం చెప్తే నన్ను నాన్నా అనడం మానేస్తావేమోనని భయపడ్డాను."

అవతల టైప్‌రైటర్ చప్పుడు మొదలైంది. లొరెయిన్ ఇప్పటికీ దాని మీదే రాస్తుంది. "చివరి మాట మళ్ళీ చెప్పు ఉమా" అంది.

శుక్రవారం పదకొండూ నలభైకి కర్ట్ ఒప్పుకున్నాడు. కొత్తగా తీయాల్సింది ఒక్క సీను. లాయరు సొరుగులోంచి పెద్దాయన రాసి పంపని ఉత్తరం బయటపడుతుంది. మేపుల్ బెండ్‌లో లాయరు సొరుగు తెరిస్తే ఉత్తరం దొరకని రోజు లేదు గనుక ఎవరూ ఆశ్చర్యపోరు. ఉత్తరం చదివి పెగ్గీ ఏడుస్తుంది, తర్వాత క్లెయిర్ గౌను సర్దుతుంది. పోస్టు సంగతి కర్ట్ మళ్ళీ ఎత్తలేదు. ఫారంలో ప్రశ్న మాత్రం మార్చాడు. "ఈ ఇద్దరూ రక్తసంబంధీకులా? అవును లేదా కాదు. ఇంకేమీ రాయవద్దు." భవిత ఫ్యామిలీ ట్రీలో నానమ్మ సంగతి విన్న లొరెయిన్, ఆ ప్రశ్నకు జవాబుగా ఆ ప్రాజెక్ట్ జత చేసి పంపమని సలహా ఇచ్చింది.

అందరికీ సంతోషమే. ఉమామహేశ్వరికి మాత్రం లోపల చిన్న ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. బంగారం లాంటి మేనరికం తప్పిపోయింది. నలభై రెండో నోటుబుక్కులో అలాగే రాసుకుంది. కాసేపాగి, "పుట్టుకతో కాకపోయినా పెంపకంతో మేనత్తే, కాబట్టి వరస ఉన్నట్టే" అని కింద చేర్చింది. దాన్ని కర్ట్‌కి పంపలేదు.

జూన్ రెండో వారంలో పెళ్ళి ప్రసారమైంది. నెలాఖరుకు లొరెయిన్ తన బల్ల ఖాళీ చేసుకుంది. ప్రేక్షకుల ఫిర్యాదులకు జవాబు రాయడం కూడా ఉమామహేశ్వరి పనే కాబట్టి, వరస గురించి ఎవరు నిలదీస్తారోనని రోజూ బిక్కుబిక్కుమంటూ మెయిల్ తెరిచేది. ఎవరూ అడగలేదు. ఉత్తరం సీనుకు ఏడ్చామని చాలామంది రాశారు.

జూలైలో అయోవా నుంచి ఒక పెద్దావిడ మాత్రం కోపంగా రాసింది. నలభై ఆరేళ్ళుగా చూస్తున్నానంది. "పెళ్ళై నెల దాటింది. ఆ నేథన్ పొద్దున్నే కాఫీ కలిపి ఇస్తున్నాడు, రాత్రి తలుపులు వేస్తున్నాడు, అంతే. ఆ పిల్లను ప్రేమిస్తున్నానని ఒక్కసారీ అనలేదు. వీళ్ళ మధ్య అసలు ప్రేమ ఉందని మేమెలా నమ్మాలి?"

మెట్ల మీద కాఫీ కప్పు చప్పుడు దగ్గరవుతుంటే ఉమామహేశ్వరి జవాబు టైపు చేసింది: "మా ఆయన ఇరవై ఏడేళ్ళుగా ఆ మాట అనలేదండీ, నాకు ఒక్కరోజూ అనుమానం రాలేదు."