కన్నయ్య వాకిట్లో రెండు గ్రాఫిక్స్ కార్డులు

2022 ఎండాకాలం. భద్రాచలం బస్టాండు దగ్గర నా కంప్యూటర్ రిపేరు షాపు. చుట్టుపక్కల నలభై ఊళ్లకు నేనే కంప్యూటర్ డాక్టర్‌నని చెప్పుకునేవాణ్ని. నలభై కాదు, పదో పన్నెండో ఉంటాయి. వాటిలో సగం ఊళ్లవాళ్లు నా దగ్గరికి వచ్చేది ఫోన్ చార్జర్ కోసమే.

అప్పట్లో నా టేబుల్ మీద రెండు పాత గ్రాఫిక్స్ కార్డులు ఉండేవి. గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్‌లో బొమ్మల పని చూసుకునే భాగం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు అది లేకపోతే రోజు గడవదు. ఒకటి ఆర్‌ఎక్స్ 570. రెండు ఫ్యాన్లు, చేతిలోకి తీసుకుంటే ఇటుకలా బరువు. రెండోది జీటీఎక్స్ 1050 టీఐ. ఒకటే ఫ్యాను, అరచేతి మీద ఒదిగిపోతుంది. రెండూ ఎవరో వాడి అమ్మినవే, ధరలోనూ పెద్ద తేడా లేదు. అదే ధరకు 570 సుమారు ఒకటిన్నర రెట్లు పని చేస్తుంది. వచ్చినవాళ్లకు నేను మూడు రెట్లని చెప్పేవాణ్ని. అది నాకు అంత ముద్దు.

ఒక రోజు నాగమణి వచ్చింది. దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న కోయ ఊరు వాళ్లది. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తుంది. సీపీయూ డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. వెంట వాళ్ల అమ్మమ్మ ముత్తమ్మ. ఆవిడ స్టూలు మీద కూర్చుని, మూతలు తీసిన కంప్యూటర్లతో నిండిన షాపంతా ఓసారి కలియజూసింది.

"గీ ముసలాయనేనా డాక్టరు?" అని మనవరాల్ని అడిగింది.

"అవ్, ఈయనే."

"మరి పేషెంట్లన్నీ గిట్ల పొట్టలిప్పుకొని పడున్నయేంది?"

నాగమణి నవ్వు ఆపుకుని విషయం చెప్పింది. వాళ్ల ఊళ్లో విత్తనాల పండుగకు చాలా ఏళ్ల తర్వాత కెమెరా పెట్టనిచ్చారు. అంతకుముందు బయటివాళ్లు ఎవరో వచ్చి, ఆటలు, పాటలు తీసుకుపోయి మళ్లీ మొహం చూపించలేదట. అప్పట్నుంచి పండుగలో కెమెరాలు బంద్. నాగమణి ఎంతో బతిమాలితే ఊరిపెద్ద కన్నయ్య ఒక షరతు పెట్టాడు. తీసినదంతా ముందు పెద్దమనుషుల ఎదుట వేయాలి. వాళ్లు ఏ ముక్క వద్దంటే ఆ ముక్కను అక్కడే, వాళ్ల కళ్లముందే కోసెయ్యాలి. ఇంటికి తీసుకెళ్లి కోసుకొస్తానంటే ఒప్పుకోరు. ఆ రోజు సరిగ్గా జరగకపోతే మొత్తం చెరిపెయ్యాలి, కెమెరా మళ్లీ పండుగ గడప తొక్కదు.

"నా సిస్టంల ఎడిటింగ్ టైమ్‌లైన్ నడిపిస్తే బొమ్మ ఆగి ఆగి వస్తది సారూ. గంత మంది ముందల గట్లయితే ఇజ్జత్ పోతది."

టైమ్‌లైన్ అంటే తీసిన ముక్కలన్నీ వరుసగా పేర్చుకునే తెర. కోత కూడా అక్కడే. ముత్తమ్మ సంగతి ఇంకాస్త సూటిగా చెప్పింది.

"పాడింది నేను. దీని డబ్బల చూస్తే నా నోరొకచోట, పాటొకచోట. పీనుగు పాడినట్టుంది."

రెండు కార్డులూ మార్చి మార్చి పెట్టి, ఆమె వీడియోనే నడిపించి చూపించాను. 570 మీద ఆట నీళ్లలా సాగింది. 1050 టీఐ మీద కూడా బాగానే ఉంది కానీ, గుంపుగా ఆడేచోట చిన్నగా తడబడింది. నాగమణి కళ్లు 570 మీదే నిలిచాయి. నావి ఎప్పట్నుంచో అక్కడే ఉన్నాయి.

"కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తదా సారూ? పెద్ద ప్రొజెక్టర్ గూడ దానికే పెట్టాలె."

"ఇన్వర్టరెందుకమ్మా, టార్చిలైటు బ్యాటరీ మీద నడుస్తది."

నోరు అలా జారింది. ఈ కార్డు దానంతటది నూటయాభై వాట్ల దాకా లాగుతుందనీ, మదర్‌బోర్డు ఇచ్చే కరెంటు చాలక దానికి విడిగా వైరు తగిలించాలనీ నాకు తెలుసు. 1050 టీఐకి అందులో సగం చాలు, వేరే వైరు అక్కర్లేదు. తెలిసీ అన్నాను. నాగమణి 570నే కొంది, దాన్ని ఆమె డబ్బాలో బిగించి ఇచ్చాను. పైగా, నేనే వచ్చి నిలబడి చూపిస్తానని మాట కూడా ఇచ్చాను.

చూపించే రోజున గాలిదుమారం వచ్చి దారిలో చెట్లు పడ్డాయి. మధ్యాహ్నం నుంచే ఆ ఊళ్లో కరెంటు లేదు. ముందుచూపుతో రెండో కార్డును సంచిలో వేసుకెళ్లానని తర్వాత చాలామందికి చెప్పాను. అసలు సంగతి అది కాదు. దుమ్ముగూడెంలో ఒక టీచర్ గారు దాన్ని కొంటానన్నారు. వెళ్తే ఇంటికి తాళం. అలా అది సంచిలోనే ఉండిపోయింది.

పొద్దు వాలింది. కన్నయ్య వాకిట్లో గోడకు తెల్లదుప్పటి కట్టారు. నులక మంచాల మీద పెద్దమనుషులు, కింద చాపల మీద ఊరంతా. నాగమణి మౌస్ పట్టుకుంది. పొలానికి విత్తనాలు మోసుకుపోయే దృశ్యం చక్కగా వచ్చింది. ఆట మొదలైంది, కొమ్ముల తలపాగాలు కదిలాయి, ముత్తమ్మ నోరు తెరిచింది. ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. దుప్పటి మామూలు దుప్పటైపోయింది.

మళ్లీ వేశాం. సరిగ్గా అక్కడికే వచ్చి మళ్లీ ఆగింది. బొమ్మ మామూలుగా ఉన్నంతసేపూ కార్డు తక్కువే తింటుంది. గుంపు ఆట రాగానే ఆవురావురుమంటుంది. ప్రొజెక్టర్‌తో కలిపి అంత బరువు మోయడం ఆ చిన్న ఇన్వర్టర్ వల్ల కాదు.

కన్నయ్య కోపపడలేదు. నెమ్మదిగానే అన్నాడు. "బిడ్డా, మాటంటే మాటే. నడవకపోతే చెరిపెయ్యి."

నాగమణి నా వైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను.

"తప్పు ఆ పిల్లది కాదు పెద్దయ్యా. టార్చిలైటు బ్యాటరీ మీద నడుస్తదని నేనే గొప్పలు చెప్పిన. ఇంకో కార్డుంది, చిన్నది. మార్చేదాక ఆగుండ్రి."

"అది దేని మీద నడుస్తది, అగ్గిపుల్ల మీదనా?" అంది ముత్తమ్మ. వాకిలంతా నవ్వింది. ఆ నవ్వే మాకు కాస్త గడువు సంపాదించి పెట్టింది.

డబ్బా విప్పి, 570 తీసి, చిన్నదాన్ని బిగించాను. కార్డును కంప్యూటర్‌కు పరిచయం చేసే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. అది నా పెన్‌డ్రైవ్‌లో ఉంది కానీ ఎక్కడానికి టైం పడుతుంది. మనుషులు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. అప్పుడు ముత్తమ్మ కూర్చున్నచోటే పాట ఎత్తుకుంది. దుప్పటి మీద ఆగిపోయిన అదే కోయల రేలపాట, ఆగిన చోటు నుంచే. లేచినవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లు అందుకున్నారు. ఆ వయసులో ఆ గొంతు వాకిలిని దాటి చెట్లదాకా వెళ్లింది.

నాగమణి ఖాళీగా కూర్చోలేదు. డ్రైవర్ ఎక్కగానే, చిన్న కార్డుకు బరువు తగ్గించాలని, ఎడిటింగ్ తెరలో బొమ్మ నాణ్యతను సగానికి దించింది. ఆ ఉపాయం నాకు తట్టలేదు. తట్టిందని తర్వాత ఒకరిద్దరికి చెప్పాను.

మూడోసారి వేశాం. ఆట వచ్చింది. ఇన్వర్టర్ గొణిగింది గానీ అరవలేదు. బొమ్మ కొంచెం మసకగా ఉంది, ఎక్కడా ఆగలేదు. దుప్పటి మీది ముత్తమ్మ పాడుతుంటే చాప మీది ముత్తమ్మ పెదవులు కదుపుతూ సరిచూసుకుంది.

ఒకచోట కన్నయ్య చెయ్యెత్తాడు. పూజారి విత్తనాలకు మొక్కే చోటు అది. కోయలో ఏదో అన్నాడు. "అది బయటోళ్లకు కాదంటున్నడు" అని నాగమణి నాకు చెప్పి, అందరూ చూస్తుండగానే ఆ ముక్క కోసేసింది. మళ్లీ నడిపి చూపించింది. కోసినచోటు తెలియనే లేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వచ్చే పండుగకు గూడ తియ్యి" అన్నాడు కన్నయ్య. ఆ మాటను తెలుగులోనే అన్నాడు, నాక్కూడా వినబడాలని కాబోలు.

నాగమణి ఆ కోతను వెంటనే సేవ్ చేసుకుంది.

బయల్దేరేముందు ముత్తమ్మను అడిగాను. "ఇప్పుడెట్లుందమ్మా, నోరూ పాటా?"

"ఒక్కకాడికొచ్చినయ్. నీయి ఎప్పుడొస్తయో చూస్కో."

ఇప్పటికీ ఈ రెండు కార్డుల్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, 570 అనే చెబుతాను. దాని చురుకు మీద నా ప్రేమ తగ్గలేదు. కానీ షాపు కరెంటు మీద పెట్టిన పోటీ సగం పోటీయే అని ఆ వాకిట్లో తెలిసింది. అందుకే టేబుల్ కింద ఒక పాత ఇన్వర్టర్ పెట్టుకున్నాను. కార్డు ఏ ఊరికి పోతుందో అడిగి, అడవి వైపంటే దాని మీద కూడా నడిపించి చూపిస్తాను. ఎన్ని రెట్లని ఎవరైనా అడిగితే ఒకటిన్నర అంటాను.

అంటే, ఎక్కువసార్లు అంటాను.