మల్లికి కుడిపక్క

గుర్రాన్ని పట్టుకుని నడిపించేవాళ్లు ఎవరైనా దానికి ఎడమపక్కనే నడుస్తారు. బరంపురం పెళ్లి ఊరేగింపుల్లో ఒక్క రామతులసి మాత్రం మల్లికి కుడిపక్కన నడిచేది. చెయ్యి ఎప్పుడూ దాని చెంప మీదే. బ్యాండువాళ్లు ఊరుకుంటారా? "పీటల మీద పెళ్లికూతురునాగ ఆ కుడిపక్కేటత్తా?" అని ఏడిపించేవాళ్లు. ఆమె కూడా నవ్వేసేది. ఊరేగింపులో అందరి కళ్లూ పెళ్లికొడుకు మీద, కాసేపయ్యాక భోజనాల మీద. గుర్రం మొహం చూసే తీరిక ఎవరికుంది?

అసలు సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. మల్లికి కుడికన్ను కనిపించదు.

రామతులసి నాన్న చిన్నారావు టెక్కలి నుంచి బరంపురం వచ్చి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక ఆయనా ఎక్కువకాలం లేడు. ఆ ఏడే ఊళ్లోకి సర్కస్ వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లని వాళ్లమ్మ ఆ టెంటులో వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. చూస్తే తీసుకొచ్చేసేదాన్నని తరవాత ఎన్నోసార్లు చెప్పుకుంది పాపం. ఇప్పుడైతే అంత చిన్నపిల్లల్ని అలా తీసుకోనివ్వరు. అప్పుడు అడిగినవాడు లేడు.

గుర్రం మీద పని నేర్పేది రాఘవేంద్ర మాస్టారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మొదటి ఎనిమిది నెలలూ గుర్రాన్ని ముట్టుకోనివ్వలేదు. తారుడబ్బాకి నాలుగు కాళ్లు అతికించి, పైన గోనెపట్టాలు చుట్టి, దాని మీద ఎక్కించాడు. చేతులు చాపి కూర్చోవడం, మోకాళ్ల మీద నిలవడం, ఒక కాలు వెనక్కి, ఒక చెయ్యి ముందుకి చాపడం. దాన్ని 'జెండా' అనేవారు. ఆఖరున నిలబడటం. డబ్బా కదలదు కాబట్టి పిల్లకి ధైర్యం వచ్చింది. గుర్రం ఎక్కిన మొదటిరోజు ఆ ధైర్యమంతా రంపప్పొట్టులో పడింది. నిలబడటమంటే మోకాళ్లు బిగించడం కాదని, గుర్రం అడుగుకి అడుగుకీ ఒదిగిపోవడమని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

మాస్టారు రింగు నడుమ పొడుగుపాటి తాడు పట్టుకు నిలబడేవాడు. గుర్రం ఆయన చుట్టూ తిరిగేది, ఎప్పుడూ ఎడమకే. ఎక్కేది కూడా ఎడమనుంచే. ఎందుకని అడిగితే, "అదంతే" అన్నాడు. అడిగినవాళ్లకి రెండోసారి చెప్పే అలవాటు ఆయనకి లేదు.

మల్లి వచ్చేనాటికి రామతులసే మాస్టారు. తెల్లటి ఆడగుర్రం, మెత్తటి మనసు. దాన్ని తనే తీర్చిదిద్దుకుంది. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు సర్కస్ ఇచ్ఛాపురంలో ఉంది. ఆ గాలికి టెంటు గుంజ విరిగి మల్లి తల మీద పడింది. దెబ్బ మానింది. కన్ను పైకి నిగనిగలాడుతూనే ఉంది, చూపు మాత్రం పోయింది. కుడిపక్కనున్న కుడితి బకెట్టుని రెండుసార్లు తన్నేసినప్పుడు ఆమెకి అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఎడమకి తిరిగే గుర్రానికి కుడికన్ను జనం వైపే ఉంటుంది, దాంతో పనేమిటి? రామతులసి దాని దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు "నేనే, మల్లీ" అనేది. అది చెవి తిప్పాక చెయ్యి వేసేది. అలా ఏడాదిన్నర ఆ సగం చూపు గుర్రం మీదే నిలబడి, చేతులు చాపి, జనం చేత చప్పట్లు కొట్టించుకుంది.

తరవాత లాక్‌డౌన్. సర్కస్ బరంపురంలోనే చిక్కుకుపోయి అక్కడే ముగిసిపోయింది. గుర్రాలకి గడ్డి లేదు. బడా బజారులో పెళ్లి బ్యాండు, లైట్లు అద్దెకిచ్చే కాసులు మల్లిని చూడ్డానికి వచ్చాడు. పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు. ఆఖరున రామతులసి వైపు తిరిగాడు.

"తులసమ్మా, పెంచినదానివి నువ్వు. అయిబేటైనా ఉందేటి?"

"ఏటీ నేదు బాబూ," అంది.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టే ఉంది. నిజం చెబితే కొనేవాడు లేడు, కొనకపోతే మల్లి ఆకలికి చస్తుంది. అది ఆమె లెక్క. గుర్రంతోపాటు ఆమెనీ కాసులు పనిలోకి తీసుకున్నాడు. హల్దియాపదర్‌లో ఖాళీ స్థలం, రేకుల షెడ్డు, పక్కనే ఆమెకో గది. ఆనాటినుంచి ఊరేగింపుల్లో మల్లి కుడికన్ను ఆమే. బాణసంచా వెలిగిస్తే ఆమె ముందే చెవిలో చెప్పేది. ఆటో దూసుకొస్తే తన ఒళ్లు అడ్డం పెట్టేది. ఐదేళ్లలో ఒక్క పెళ్లికొడుకూ పడలేదు.

కాసులు కూతురు సాయిపద్మ డిగ్రీ చదువుతోంది. లంజిపల్లిలో ఇల్లు. ఒకరోజు పొద్దున్నే నాన్న పంపిన దాణా ఇవ్వడానికి వచ్చింది. అప్పటికి రామతులసి మల్లి వీపు మీద చేతులు చాపి నిలబడి ఉంది. నలభై దాటినా ఆ సరదా చావలేదు మరి. పిల్ల చేతిలో బస్తా కింద పడిపోయింది.

"అత్తా, నాకూ నేర్పవా?"

అలా మొదలైంది. ఆరు నెలలు డబ్బా మీద, తరవాత మల్లి మీద. బడిలో జిమ్నాస్టిక్స్ చేసిన పిల్ల, ఒంట్లో భయం లేదు. పరుగెత్తుతూ గుర్రం అడుగులో అడుగు కలిపి, దాని నడుముపట్టీకి ఉన్న పిడులు పట్టుకుని ఒక్క ఊపులో పైకి లేచిపోయేది. సాయిపద్మ 'జెండా' పట్టిన రోజున రామతులసి గదిలోకెళ్లి కూర్చుని ఏడ్చింది. తన చదువు, తన చిన్నతనం, చేతిలోంచి జారిపోయినవన్నీ ఆ పిల్ల ఒంట్లో మళ్లీ నిలబడ్డట్టనిపించింది. పెళ్లీ పిల్లలూ లేని మనిషికి అంతకన్నా ఏం కావాలి?

"ఎప్పుడూ ఎడమకేనేటత్తా? ఎందుకూ?" అని పిల్ల అడిగింది.

"అదంతే," అంది రామతులసి.

చెబుదామనుకుంది. చాలాసార్లు అనుకుంది. చెబితే పిల్ల తండ్రికి చెబుతుంది, తండ్రి మల్లిని ఉంచడు. ఇంకొన్నాళ్లు పోయాక చూద్దామనుకుంది. ఆ 'పోయాక' అన్నది ఎంతమంది కొంపలు ముంచిందో!

మాఘమాసంలో పలాసలో ఎవరో చుట్టాల కర్మకని ఆమె ఒక్కపూట ఊరెళ్లింది. ఆ పూటే సాయిపద్మ తన తమ్ముడు శ్యామ్ చేతికి తాడిచ్చి మల్లిని బయటికి తెచ్చింది. ఎప్పుడూ ఒకేపక్క తిప్పితే గుర్రానికి ఒళ్లు పట్టేస్తుందని ఫోనులో ఎక్కడో చూసిందట. ఆ మాట తప్పేం కాదు. కుడికి తిప్పమంది. తను కుడిపక్కనుంచి చప్పుడు లేకుండా పరుగెత్తి పిడి పట్టుకుంది. మల్లికి ఆ పక్కంతా చీకటి. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. అది బెదిరి విదిలించుకుని, వెనక్కాలు విసిరింది.

పిల్ల తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేశారు. నడుస్తుంది గానీ కుంటు ఉండిపోతుందని, ఎగరడం దూకడం ఇక మరిచిపోవాలని డాక్టర్లు చెప్పారు.

పది రోజులు రామతులసి ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేసింది. పదకొండో రోజు లోపలికి వెళ్లింది. మంచం పక్కన కాసులు కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు.

"గుర్రాన్ని అమ్మీద్దుమనుకున్నాను తులసమ్మా," అన్నాడు. "పిల్ల ఒప్పినాది కాదు. దాని తప్పేటీ నేదంటాది. అమ్మొద్దని నా సేత ఒట్టేయించుకుంది."

సాయిపద్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నాదే తప్పత్తా. ఎడమనుంచే ఎక్కాలని నువ్వెన్నిసార్లు సెప్పినావు! నాను ఇన్నాను కాదు. మల్లి ఎలాగుంది? గడ్డి తింటందా?"

ఇంక ఆమె నోరు మెదపక్కర్లేదు. గుర్రం ఉంటుంది, పని ఉంటుంది, గది ఉంటుంది. తప్పంతా పిల్ల తన నెత్తిన వేసేసుకుంది. రామతులసి టీ తాగొస్తానని చెప్పి వరండాలోకి వచ్చింది. గోడకానుకుని చాలాసేపు నిలబడింది.  మల్లి కావాలి ఆమెకి. దేవుడా, ఎంత కావాలో! కానీ ఆ పిల్ల బతుకంతా కుంటుకుంటూ, మాట విననందుకే ఇలా అయిందనుకుంటూ నడుస్తుందే!

వెనక్కి వెళ్లి చెప్పేసింది. నిలబడే చెప్పింది. ఇచ్ఛాపురం, గుంజ, కన్ను, తను ఆడిన అబద్ధం.

కాసులు అరుస్తాడనుకుంది. అరవలేదు.

"నాకు అబద్ధం సెప్పినావు, సరే. యాపారంలో అందరూ సెప్తారు," అన్నాడు మెల్లగా. "పిల్లకెందుకు సెప్పినావు కాదు తులసమ్మా? నీ సేతిలో ఎట్టినాను కదా దాన్ని."

సాయిపద్మ చెయ్యి వదిలేసింది. "పది రోజులనించీ నన్ను నానే తిట్టుకుంతన్నానత్తా," అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఒట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మల్లిని కొనడానికి గోపాలపూర్ నుంచి కొండలు అనే అతను వచ్చాడు. సముద్రం ఒడ్డున గుర్రం మీద జనాన్ని తిప్పేవాడు. పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు. "అయిబేటైనా ఉందా?" అన్నాడు. కాసులు రామతులసి వైపు చూశాడు.

"కుడికన్ను కనపడదు," అంది ఆమె. "అటునుంచి ఒస్తే ముందు మాటాడాల బాబూ. ఒడ్డు మీద నడిపించీటప్పుడు సముద్రం కుడిపక్కనుండేనాగ సూసుకో. సముద్రం వైపునించి ఎవులూ మీదకి రారు. అది బెదరదు."

కొండలు మల్లి కుడికంటి ముందు చెయ్యి ఆడించి చూశాడు. మంచివాడే, ఎగతాళికి అడగలేదు.

"ఎల్లీటప్పుడు సరే. తిరిగొచ్చీటప్పుడో?"

 ముప్పై ఏళ్లు రింగులో తిరిగిన మనిషి రామతులసి. రింగులో తిరిగి రావడమనేది ఉండదు, ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

"నాను కుడిపక్కన నడుస్తాను బాబూ. జీతం ఒద్దు," అంది.

"ఒక్క గుర్రానికి ఇద్దరెందుకమ్మా," అన్నాడు కొండలు. మల్లిని వ్యానెక్కించి, కుడిపక్క తలుపు ధన్ మని వేశాడు. మాట్లాడటం అప్పుడే మరిచిపోయాడు. లోపల డెక్కలు రేకుల మీద తడబడ్డాయి.

"నేనే, మల్లీ, నేనే," అంటూ రామతులసి ఆ పక్కనే నడిచింది. వ్యాను మెయిన్‌రోడ్డు ఎక్కేదాకా అలా అంటూనే నడిచింది.