ఫ్రీజరులో దూది

మా ఇంట్లో దేవుడి తర్వాత అంత మర్యాద ఫ్రిజ్‌కే. మా దీవిలో, ఈ జంగ్లీఘాట్ చేపల పేటలో ఏ ఇంటికి వెళ్లినా అంతే. సముద్రం బాగున్న రోజు దొరికిన వంజరం, సూర, కానాగంతలు, ఏ చేపైనా సరే, బాగోలేని రోజుల కోసం ఫ్రీజరులో కుక్కేస్తాం. ఆ ఫ్రీజరు వల్లే నా బిడ్డ నాకు కాకుండా పోయేది.

నాకు చిన్నప్పటి నుంచీ షుగరు. రోజూ ఇన్సులిన్ పొడుచుకునే రకం. పాప పుట్టే వరకూ షుగరు పడిపోతే ఒళ్లు వణికేది, చెమటలు పట్టేవి, చెంచాడు పంచదార నోట్లో వేసుకుంటే సర్దుకునేది. తర్వాత ఆ వణుకూ పోయింది, చెమటా పోయింది. ఏళ్ల తరబడి పడీ పడీ ఒంటికి అలవాటైపోయిందని, ఇక అది ముందుగా చెప్పదని డాక్టరు అన్నారు. పైగా పాలిచ్చే తల్లికి ఇంకా తొందరగా పడుతుందట. అంటే నా బిడ్డే నా పాలు తాగుతూ నన్ను పడగొడుతోంది. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అంటే పాలు మానిపించేస్తారని భయం.

ఒక మధ్యాహ్నం వంటింటి నేల మీద కళ్లు తెరిచాను. పక్కింటి దీదీ గడియ విరగ్గొట్టి వచ్చి నా చిగుళ్లకి పంచదార రాస్తోంది. పాప నా మోచేతి కింద ఇరుక్కుని, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. నా భర్త అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. దీవుల మధ్య తిరిగే ఓడలో ఆయనది ఇంజిను పని. కబురు తెలిసి ఆ సాయంత్రమే అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో మా అత్త దిగింది.

"పిల్లకి పాలు మానిపించీ. నానట్టుకెళ్లిపోతాను. నీ ఒళ్లు నీకే తెల్దు, దాన్నేటి సూస్తావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ అన్నది తప్పని కాదు, నిజమని.

కొన్నిచోట్ల కుక్కలకి షుగరు పడిపోయే వాసన పట్టడం నేర్పుతారని డాక్టరు ఎప్పుడో మాటవరసకి అన్నారు. మునిగేవాళ్లకి గడ్డిపోచ చాలు. పోలీసు కుక్కలకి శిక్షణ ఇచ్చి రిటైరైన పెద్దాయన ఒకరు హాడోలో ఉన్నారని విని పాపనెత్తుకుని వెళ్లాను. "బేటీ, మైనే బారూద్ సిఖాయా హై, బీమారీ నహీ" అని పంపేశారు. మందుగుండు పట్టించాను గానీ జబ్బులు పట్టించలేదని. మళ్లీ వెళ్లాను. మళ్లీ పంపేశారు. ఇక ఆయన గుమ్మంలోనే కూర్చుని పాపకి పాలివ్వడం మొదలుపెట్టాను. సిగ్గు అనేది ఇంకో దారి ఉన్నవాళ్లకి. చివరికి ఆయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. దారి తను చెప్తారు, నేర్పాల్సింది మాత్రం నేనే. తను నేర్పితే కుక్క తనకి చెప్తుంది గానీ నాకు చెప్పదట.

చేపల రేవులో తిరిగే కుక్కపిల్లల్లోంచి ఒక నల్ల ఆడకుక్కని ఆయనే ఎంచారు. స్టీలు పళ్లెం కిందపడేస్తే మిగతావన్నీ పారిపోయాయి, అదొక్కటి వచ్చి పళ్లెం వాసన చూసింది.

పని పైకి తేలికే. గంటగంటకీ వేలు పొడిచి మెషీనులో చూసుకుంటూ, షుగరు పడిపోయినప్పుడు దూదిని నోట్లో తడిపి డబ్బాలో పెట్టి ఫ్రీజరులో దాచాలి. మామూలుగా ఉన్నప్పటి దూది కూడా అలాగే తడిపి, అలాగే దాచాలి. తర్వాత రెండింటినీ వరసగా పెట్టి కుక్కని వదలాలి. పడిపోయినప్పటి దూది దగ్గర ఆగి నా మోకాలి మీద పంజాతో తడితే, నా చేత్తోనే ఉడికిన గుడ్డు ముక్క. వేరే ఎవరూ ఏమీ పెట్టకూడదు.

అత్త మా ఇంట్లోనే మకాం పెట్టి ఇదంతా చూసేది. "కుక్కతోక పట్టుకుని గోదారీదినట్టుంది నీ యవ్వారం" అనేది. గోదారిని ఆవిడ కంటితో చూసింది లేదు, పుట్టింది పెరిగింది ఈ దీవుల్లోనే. ఆదివారం చర్చిలో కోడలు కుక్క మీద కాదు, ప్రభువు మీద ఆనుకోవాలని అందరి ముందూ ప్రార్థన చేయించింది. నేను ఆమెన్ అనలేదు. ఇంటికొచ్చాక ఆవిడ గడువు పెట్టింది.

"వానలు పడేదాకా సూస్తాను. అప్పుటికీ కుక్క కుక్కలాగే ఉంటే పిల్ల నాతో వచ్చేస్తాది."

ఓడ ఏదో రేవు చేరినప్పుడు ఫోను చేసిన నా భర్త కూడా "అమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు.  నా తరఫున మాట్లాడవలసినదానికి నోరు లేదు.

కానీ కుక్క నేర్చుకుంది. డబ్బాలు ఎలా మార్చి పెట్టినా ఒక్కసారి కూడా తప్పలేదు. హాడో సారు వచ్చి చూసి "షాబాష్" అన్నారు. ఆ రోజు నేను పాపని ఎత్తుకుని గదంతా తిరిగాను.

తర్వాత కొన్నాళ్లకే పాపకి పాలిస్తుంటే నిజంగా షుగరు పడిపోయింది. కుక్క నా కాళ్ల దగ్గరే పడుకుని ఉంది, చెవి కూడా కదపలేదట. పాప నా ఒడిలోంచి జారుతుంటే అత్త పరుగున వచ్చి పట్టుకుంది. తెలివొచ్చాక నేను ఆ కుక్క ముఖం చూడలేకపోయాను. అత్త దెప్పుతుందేమో అనుకున్నాను. దెప్పలేదు. పాప గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టి సంచీలో సర్దడం మొదలుపెట్టింది. అంతకంటే ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు అత్త ఫ్రీజరులోంచి వంజరం పొట్లం తీసి పళ్లెంలో పెట్టింది. కుక్క పొట్లం వాసన చూసి, గబగబా నా దగ్గరకొచ్చి, నేర్పినట్టే మోకాలి మీద పంజాతో తట్టి, గుడ్డు ముక్క కోసం బుద్ధిగా కూర్చుంది.

"ఓలమ్మా! వంజరానికీ షుగరేటే?" అంది అత్త.

నాకు నవ్వు రాలేదు. రెండు రకాల దూదీ ఫ్రీజరులో పెట్టమని సారు చెప్పారు. మా ఫ్రీజరులో చోటెక్కడిది? పడిపోయినప్పటి దూది ఒక్కటే చేపల సందున ఇరికించాను. మామూలు దూది అల్మారాలో పెట్టాను. కుక్క ఇన్నాళ్లూ నా రోగం కాదు, చేపలు పట్టింది. మేం నేర్పింది అదే మరి.

వెర్రి కోపంతో ఫ్రీజరు ఖాళీ చేసేశాను. వంజరం, సూర, అన్నీ వీధిలోకి విసిరేశాను. రాయిలా గడ్డకట్టిన చేపలు ఆటోల మధ్య దొర్లుకుంటూ పోయాయి. తర్వాత నిమ్మచెక్కలతో ఫ్రిజ్ తోముతూ, ఏడుస్తూ సారుకి ఫోను చేశాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత "మఛ్లీ వాపస్ రఖో" అన్నారు. చేపలు మళ్లీ పెట్టు, రెండు దూదులూ వాటి పక్కనే పెట్టు, అప్పుడు చేప వాసన రెండింటిలోనూ ఉంటుంది, ఇక అది తేడా ఒక్కటే వెతుక్కోవాలి అన్నారు. అడక్కుండానే అత్త వీధిలోకి వెళ్లి దొరికిన చేపలన్నీ కొంగులో ఏరుకొచ్చింది. "అన్నం పారేసుకుంటారేటే" అని మాత్రం అంది.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి కుక్క ప్రతిసారీ తప్పింది. రెండు డబ్బాల మధ్య నిలబడి అయోమయంగా నా ముఖంలోకి చూసేది. మెల్లగా తప్పులు తగ్గాయి, పోలేదు. ఇంతలో ఆకాశం నల్లబడి వానలు దిగిపోయాయి.

ఒకటే వానగా ఉన్న రోజున అత్త సంచీ తలుపు పక్కన పెట్టింది. ఫెర్రీ నడుస్తోందని కబురొచ్చింది. బయల్దేరేముందు కూర వండుతానని కత్తిపీట ముందు కూర్చుని వంజరం కోస్తోంది. కుక్క ఆ పక్కనే చేరింది. నేను గోడకి ఆనుకుని పాపకి పాలిస్తున్నాను. మళ్లీ ఎప్పుడిస్తానో, అసలు ఇస్తానో లేదో. ఎంత తాగితే అంత తాగనీ అనుకున్నాను.

కుక్క లేచింది. అత్త చేతిలో చేపముక్క ఉంది. ఆవిడ దాన్ని కావాలనే కుక్క ముక్కు ముందుకి చాచింది. "ఇదిగో, తిను." కుక్క ఆ చేతిని దాటుకుని వచ్చి నా మోకాలి మీద పంజా వేసింది.

నాకు ఒంట్లో ఏమీ తేడా లేదు. సరిగ్గా ఈవేళే, ఆవిడ కళ్లముందే మళ్లీ తప్పు చెప్తోందని చచ్చిపోవాలనిపించింది. "పో" అన్నాను. పోలేదు. మళ్లీ తట్టింది. మళ్లీ.

"మెషీను తియ్యే" అంది అత్త.

"ఏం లేదత్తా, బాగానే ఉన్నాను."

"తియ్యంటన్నాను!"

వేలు పొడిచి చూస్తే, డెబ్బైకి పైన ఉండాల్సింది యాభై కూడా లేదు. నేను ఆ అంకె వైపు చూస్తూనే ఉన్నాను. అత్త చేపల చేతులతోనే పంచదార గుప్పెడు తెచ్చి నా నోట్లో కుక్కింది. పొలుసులతో సహా మింగాను. పాపని తీసుకోలేదు ఆవిడ. నేను తేరుకునేదాకా నా చేతుల కింద తన చేతులు పట్టి కూర్చుంది. పాప తాగుతూనే ఉంది. తేరుకోగానే కుక్కకి నా చేత్తో గుడ్డు పెట్టి, దాని మెడ పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

ఫెర్రీ వేళ దాటిపోయింది. సంచీ విప్పమని అడిగాను.

"ఇప్పను. ఒక్క రోజుకేటి సంబరం? రేపూ సెప్పనీ, సూద్దాం" అంది అత్త.

ఆ సంచీ అలా తలుపు పక్కనే ఉండిపోయింది. ఊడ్చేటప్పుడు దాన్ని జరిపి, మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. కుక్క చెప్పిన రోజున ఆవిడ సంచీ వైపు చూసేది కాదు. చెప్పని రోజున, చెప్పడానికేమీ లేని రోజున కూడా చూసేది. వానలు వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. ఒక పొద్దున అత్త తనంతట తనే సంచీ విప్పి, గౌన్లు ఒక్కొక్కటీ పాప భుజాలకి ఆనించి చూసింది. ఒక్కటీ పట్టలేదు.