నాన్న పోసిన ఇంజన్ ఆయిలు

మొన్న గుడివాడలో నా స్కూటరు సర్వీసింగుకిచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మెకానిక్ అడుగున బోల్టు విప్పగానే నల్లటి ఆయిలు రేకు డబ్బాలోకి జారింది. వేడి ఇనుమూ, మసీ, పాత గుడ్డా కలిసిన ఆ వాసన ముక్కుకి తగిలేసరికి చల్లపల్లిలో మా వాకిలి, ఆ వాకిట్లో మోటార్ సైకిలు ముందు గొంతుక్కూర్చున్న నాన్న కళ్ళముందుకొచ్చాడు. నేను మొహం తిప్పుకోవడం చూసి పక్కనున్నాయన "వాసన పడట్లేదా అమ్మా?" అని అడిగాడు. పడకపోవడమేమిటి, ఆ వాసనలోనే పెరిగాను.

మా నాన్న దృష్టిలో కొలతంటే పిసినారితనం. వచ్చినవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవాడు. వేసవిలో రసాల బుట్ట దిగితే తలకి రెండని కాదు, కడుపునొప్పి వచ్చేదాకా అని లెక్క. వానాకాలం గోంగూర రొయ్యలు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, చలికాలం తంపటేసి కాల్చిన తేగలు, ఏవైనా సరే గిన్నె అంచు దాటి ఉండాల్సిందే. కాలవగట్టున మా చేలోకి నీళ్ళు తోడే ఆయిలింజనుకీ అదే మర్యాద జరిగేది. ఆ ముసలిది పోసినదల్లా తాగేసేది కనక, పొద్దున్నే కాస్త పోసి, "ఉండనీ పాపం" అని ఇంకాస్త పోసి, దాని ఒళ్ళు నిమిరి మరీ తిప్పేవాడు. తగ్గితే ప్రమాదంగానీ ఎక్కువైతే ఏంటంట? మా వైపు రైతుల్లో సగంమందిది ఇదే సిద్ధాంతం.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మకి టీచరు ఉద్యోగాల పరీక్ష పడింది, ఆదివారం పదింటికి బందరులో. అంతకుముందోసారి రెండే రెండు మార్కుల్లో పోయింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరుసారి. ఏడాదిపాటు ఆవిడ పొయ్యి దగ్గర అన్నం ఉడుకుతుంటే చదివింది, బియ్యంలో రాళ్ళేరుతూ చదివింది. బట్టలుతుకుతుంటే నేను పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగేదాన్ని, ఆవిడ సబ్బు చేతుల్తో వేళ్ళు మడుస్తూ జవాబులు చెప్పేది. ఒక్కటి తప్పినా బట్ట బండకేసి రెండు దెబ్బలు ఎక్కువ కొట్టేది.

పరీక్ష దారిలో బండి ఇబ్బంది పెట్టకూడదని నాన్న శనివారం సాయంత్రం పాత ఆయిలు తీసేసి కొత్త డబ్బాలు తెచ్చాడు. ఆ బండి కొని నెల్లాళ్ళే అయింది. పక్క స్టాండు మీద ఒరిగివున్న బండిలోనే ఆయిలు చూసే పుల్ల ముంచాడు. ఒరిగితే ఆయిలు అవతలి పక్కకి పోయి పుల్ల మీద తక్కువ చూపిస్తుందని ఆయనకి తట్టలేదు. పోశాడు, చూశాడు, మళ్ళీ పోశాడు. లీటరు పట్టేదాన్లో లీటరున్నర పోశాడు. పక్కన నిలబడ్డ అమ్మ "ఇంక చాలేమోనండీ" అంది.

"నీ పరీక్ష రోజున మొరాయిస్తేనో? తాగనియ్యి దాన్ని" అన్నాడు.

పొద్దున్న ఎనిమిదింటికి నన్ను ట్యాంకు మీద, అమ్మని వెనకాల కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. అమ్మ తలంటుకుని కొత్త నేత చీర కట్టుకుంది, పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుంది. వరిచేల మీద మంచింకా విడలేదు. సగం దారి కూడా రాకుండానే వెనక తెల్లటి పొగ లేచింది. బండి దగ్గింది, ఈడ్చింది, ఆగిపోయింది. అదృష్టం కొద్దీ ఎదురుగానే సెంటర్లో మెకానిక్ పాక ఉంది. అతని పేరు దావీదు. బండిని నిటారుగా నిలబెట్టి, పుల్ల తీసి చూసి నవ్వాడు.

"ఆయిలు పోశారా, తలంటు పోశారా అండీ దీనికి?"

అడుగున బోల్టు వదులు చేసి కాస్త కాస్తగా ఆయిలు దించాడు. పుల్ల తుడిచి ముంచడం, మళ్ళీ తుడిచి ముంచడం. అది రెండు గీతల మధ్యకొచ్చేసరికే చాలాసేపయింది. ఎక్కువైన ఆయిలు పైకి తన్ని గాలి వెళ్ళే ఫిల్టరు నిండా నానిపోయిందట, దాన్నీ పెట్రోల్లో కడిగి ఆరబెట్టాలన్నాడు. "పది నిమిషాలండీ" అన్నాడు.

అప్పుడే బందరు బస్సొచ్చింది. అమ్మ రెండడుగులు ముందుకేసి, "నే బస్సెక్కేస్తానండీ" అంది.

"పది నిమిషాలంటున్నాడుగా. నేనే గేటు దగ్గర దింపుతా. నించుని పోయి ఏం రాస్తావు?"

అమ్మ ఆగింది. ఎందుకాగావే అమ్మా అని ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది. పది నిమిషాలు నలభై నిమిషాలైంది. మరో బస్సు రాలేదు. నాన్న ఆ ఫిల్టరుని నోటితో ఊదాడు, తువ్వాలుతో విసిరాడు, దావీదు మీద అరిచాడు, ఆనక తన నెత్తే కొట్టుకున్నాడు.

మేం వెళ్ళేసరికి పది దాటింది, పరీక్ష పెట్టిన కాలేజీ గేటు వేసేశారు. నాన్న ఊచలు పట్టుకుని బతిమాలాడు. చేతులకున్న ఆయిలు ఊచలకంటింది. గేటు లోపలున్నాయన "రూలండీ, నేనేం చెయ్యను" అన్నాడు. అమ్మ మాత్రం అట్ట చంకలో పెట్టుకుని, "పదండి, పిల్లకి ఆకలేస్తుంది" అంది.

ఇంటికొచ్చాక నాయనమ్మ అరుగు మీంచే "ఎలా రాశావే?" అని కేకేసింది. నాన్న నోరు తెరవబోయాడు. అమ్మ అంతకంటే ముందే, "పేపరు కష్టంగా వచ్చింది అత్తయ్యా. ఉద్యోగం రాదులెండి" అని లోపలికి పోయింది. నాన్న ఆ ఆయిలు చేతులతోనే వాకిట్లో నిలబడిపోయాడు. ఆనక తువ్వాలు తీసి బండి తుడవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడా సెంటర్లో దావీదు పాక లేదు, ఫోన్ల కొట్టుంది. చేలో ఆయిలింజను పాత ఇనుముకి పోయింది, మీట నొక్కితే మోటారు తిరుగుతోంది. నాన్న పోయి నాలుగేళ్ళు. పోయిన నెల పక్కింటావిడ "మీరెందుకు ఉద్యోగం చెయ్యలేదండీ, ఇంత చదువుకుని?" అంటే, అమ్మ తడుముకోకుండా "పరీక్ష తప్పానండీ" అంది. ఆవిడ వెళ్ళాక నాకు ఒళ్ళు మండి, "నాన్న లేడుగా, ఇప్పుడైనా నిజం చెప్పొచ్చుగా!" అన్నాను.

అమ్మ నా వైపు విసుగ్గా చూసింది.

"ఏం నిజమే? రాయకపోతే పాసయినట్టా? తప్పినట్టేగా!" అని, పొయ్యి మీద పాలు పొంగుతాయని లేచి వెళ్ళింది.