మెట్ల కింది దేవుళ్ళు

కల్లూరు అంచున హైవే దిగగానే కనిపించే రాతిమేడను ఊరంతా పెద్దబంగ్లా అంటుంది. బోర్డు మీద 'సంఘాల ప్రధాన కార్యాలయం' అని ఉంటుంది గానీ, ఆ మాట చెప్పి షేర్ ఆటో ఎక్కితే వాడు మీ మొహం చూస్తాడు. చుట్టుపక్కల చర్చీలన్నిటికీ పెద్ద ఆఫీసు అదే. నేను బసవన్నను, అక్కడ జీపు డ్రైవర్ని. మాది శివుణ్ణి కొలిచే ఇల్లు. 'చర్చి బండి తోల్తాండావే' అని మా బావ ఎకసెక్కం చేస్తే, 'స్టీరింగుది ఏ మతమో నువ్వే చెప్పప్పా' అంటాను.

ఆ బంగ్లా కరువు పనిలో లేచింది. ఏ కరువంటే తలా ఒక పేరు చెబుతారు. రాళ్ళు మోసినవాళ్ళకు కూలి జొన్నలిచ్చారని మాత్రం అందరూ చెబుతారు. మిషన్ దొరలున్నప్పుడు కింద దవాఖానా, పైన దొరల కాపురం. దొరలు పోయాక బడి నడిచింది, హాస్టలు నడిచింది. తుంగభద్ర ఊరి మీద పడ్డ సంవత్సరం మేడ మీద హాలు నిండా జనమే. ఎవరిది ఏ కులమని అడిగినవాడు లేడు, అందరివీ తడిగుడ్డలే. ఎలక్షన్లొస్తే పోలింగ్ బూతు. ఇప్పుడు కింద ఆఫీసు గదులు, మీటింగులు. మేడ మీద హాల్లో ఆదివారం ప్రార్థన. చనిపోయిన పాస్టర్ల భార్యలకు పెన్షనిచ్చేది కూడా ఆ హాల్లోనే.

అయితే నేను చెప్పొచ్చేది మెట్ల కింద ఉండిన చిన్న గది సంగతి.

ఆదోని అవతలి పల్లెల్లో వానలు మోసం చేస్తే జనం సుగ్గికి పోతారు. అంటే ఇళ్ళకు తాళాలేసి, పిల్లాజెల్లతో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. ఇంటికి తాళం పడితే దేవుడి ముందు దీపం ఉండదు. దీపం లేని ఇంట్లో దేవుణ్ణి ఉంచకూడదని వాళ్ళ పట్టింపు. పోనీ ఇంకొకరింట్లో పెడదామంటే, రెండిళ్ళ దేవుళ్ళు ఒక సంసారంలో ఉంటే ఆ సంసారం నిలవదంటారు. అందుకని ఇంటి దేవుణ్ణి పసుపుగుడ్డలో చుట్టి, మూతబుట్టలో పెట్టి దారిలో పెద్దబంగ్లాలో దించి పోయేవాళ్ళు. ఏ దొర సరేనన్నాడో ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు బుట్ట తీసుకుని, దోసెడు ఎండుమిరపకాయలు గడప మీద పోసి పోయేవాళ్ళు. చర్చి మెట్ల కింద దేవుళ్ళా అని మీరు ముక్కు మీద వేలేసుకోవద్దు. ఎన్నో తరాలుగా ఎవరికీ రాని నొప్పి మీకెందుకు?

ఆ బుట్టల ముందు దీపం పెట్టేది ఉరుకుందమ్మ. ఆమెదీ ఆ పల్లెల వైపే. పడుచుతనంలో సుగ్గికి పోతూ లారీ మీంచి జారిపడితే అప్పటికింకా నడుస్తున్న ఈ బంగ్లా దవాఖానాలోనే కాలికి కట్టు కట్టారు. ఆ కాలు సరిగ్గా అతకలేదు, ఆమె తిరిగి పోనూ లేదు. భర్త వాచ్‌మన్‌గా కుదిరాడు, ఈమె ఊడ్చే పనికి కుదిరింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. కల్లూరులో అద్దెకు ఒంటిగది తీసుకుని ఉండేది. కుంటుకుంటూ బంగ్లా అంతా ఊడ్చి, చివరికి మెట్ల కింద దీపం వెలిగించి, 'మీవోళ్ళు వస్తార్లే, దిగులు పడాకండి' అని బుట్టలకు ధైర్యం చెప్పేది.

కొత్త సెక్రటరీగా రత్నమణమ్మ వచ్చింది. ముక్కుసూటి మనిషి. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే, పెన్షన్‌కొచ్చిన ఒక పెద్దమ్మ ఆ రాతిమెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. జీపులో ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే. దారి పొడుగునా ఆమె మూలుగు వింటూ రత్నమణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడే లిఫ్టు పెట్టాలంది. ఇంజనీరు వచ్చి చూసి, మెట్ల కింది గది తప్ప వేరే దారి లేదన్నాడు.

"ఉరుకుందమ్మా, ఆ బుట్టలు వేరే చోటికి మార్చు. క్రిస్మస్‌కు ముందే పని మొదలవుతుంది," అంది రత్నమణమ్మ.

"యాడికి మార్చేదమ్మా?"

"గుడి ఉంది కదా. దేవుళ్ళకు గుడికన్నా మంచి చోటేముంది?"

మాట న్యాయంగానే ఉంది. ఉరుకుందమ్మను జీపులో గుళ్ళన్నీ తిప్పాను. ఇంటి దేవుళ్ళను గుళ్ళో పెట్టుకోకూడదని ఒక పూజారి, కమిటీ ఒప్పుకోదని ఇంకొకాయన. నాకు ఒళ్ళు మండింది. "మా ఇంట్లో పెట్టుకుందును గానీ..." అని నసిగాను. నా పెళ్ళాం గుర్తొచ్చి మాట మింగేశాను.

"నీ సంసారం చెడగొట్టే పాపం నాకొద్దప్పా. సుగ్గికి పోయినోళ్ళు నన్ను నమ్మి ఇచ్చినారు. ఆ తల్లులకు నేనేం మొహం చూపీల?" అని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతటి మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండ్రోజుల తర్వాత ఆమే వచ్చింది. "బుట్టలు మా గదికి చేర్చప్పా," అంది.

"నీ ఇంట్లోనా? మరి నీ పట్టింపు?"

"అది నా ఇల్లు గాదులే ఇంగ. నువ్వు బండి తియ్యి."

నేను మట్టిబుర్రను, ఆ మాట పట్టించుకోలేదు. బుట్టలు దించాను, వచ్చేశాను. మెట్ల కింది గోడ పగలగొట్టారు. వరండాలో క్రిస్మస్‌కు పశువుల పాక కట్టడం మొదలుపెట్టారు. గడ్డి కప్పు, మట్టి ఆవు, మట్టి గొర్రెలు, పసిబిడ్డతో తల్లి బొమ్మ అన్నీ అమరాయి.

ఒకరోజు రత్నమణమ్మ నంద్యాల పోవాలంటే పొద్దున్నే ఆమెను ఎక్కించుకుని, ముందు బంగ్లా దగ్గర ఆగాను. వరండాలో ఆ పాక పక్కన చాప మీద ఉరుకుందమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. తలకింద బట్టల మూట, పక్కన సత్తు గిన్నె. డిసెంబరు చలికి కుంటికాలు కొయ్యబారి లేవలేకపోతోంది.

"ఏంది ఉరుకుందమ్మా, ఇక్కడ పడుకున్నావు? ఇల్లు ఖాళీ చేయించారా?" అంది రత్నమణమ్మ.

"ఎవురూ చేపీలేదమ్మా, నేనే చేసినా. నేనుంటే అది సంసారమున్న ఇల్లయితాది, అన్నిండ్ల దేవుళ్ళు పొసగరు. నేను బయటికొస్తే ఎవురిల్లూ గాదు గదా. ఈ బంగ్లా మాదిరి. పొద్దున్నే పోయి దీపం పెట్టి వస్తాండా. వాళ్ళు సుగ్గి నుంచి వచ్చేదాకా అంతే."

"ఈ చలిలోనా? పిచ్చా నీకు?" అని రత్నమణమ్మ కసురుకుంది గానీ, గొంతు కసురుకున్నట్టు లేదు. తన శాలువా తీసి ఆమెకు కప్పింది.

ఉరుకుందమ్మ మొహమాటపడి మాట మార్చింది. "అమ్మా, ఏటేటా ఈడ ఊడుస్తాండా గానీ ఎవురినీ అడగలే. ఆ తల్లి పశువుల కొట్టంలో యాల కనింది? ఆమెకు ఇల్లూ వాకిలి లేవా?"

"పరాయి ఊరికి వచ్చింది. సత్రంలో చోటు లేదన్నారు," అంది రత్నమణమ్మ.

"అయ్యో తల్లీ!" ఉరుకుందమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, ఆ బాలింత నిన్నో మొన్నో కన్నట్టు. "నిండు చూలాలికా? అప్పుడు మన బంగ్లా ఉన్నింటే మెట్ల కింది గది ఇచ్చిందుము గదమ్మా!"

దెప్పిపొడవడం ఆమెకు చేతకాదు. ఆ మాట నిజంగా అనుకునే అంది. రత్నమణమ్మ మాత్రం ఆ మట్టి ఆవు వైపు తిరిగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది.

"నంద్యాల తర్వాత పోదాం బసవన్నా," అంది. "నా గదిలో సామాను బయట పెట్టించు. ఆ బుట్టలు తీసుకురా."

"మీ గదా అమ్మా?" ఉరుకుందమ్మ కంగారుపడింది.

"ఆఫీసు గది. ఎవరిల్లూ కాదు. దీపం మాత్రం నువ్వే పెట్టుకోవాలి, అది నాతో కాదు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. సాయంత్రానికల్లా నీ ఇంటికి నువ్వు పో."

వచ్చే ఉగాదికి పల్లెవాళ్ళు తిరిగొస్తారు. ఈసారి మిరపకాయలు ఆ గది గడప మీద పోస్తారు కాబోలు. సెక్రటరీగారి బల్ల ఇప్పుడు వరండాలో ఉంది, ఉరుకుందమ్మ చాప పరుచుకున్న చోట.