కోడేరు పాస్టరయ్య ముక్కు

ఆ రోజుల్లో పరలోకానికి దారి మా గద్వాల వాళ్లందరికీ తెలుసు. ఎవరి దారి వాళ్లకు తెలుసు, పక్కవాడి దారి ఎక్కడ గోతిలో పడుతుందో ఇంకా బాగా తెలుసు. మాది రాతిగోడలు, గంట, బల్లలు ఉన్న పాత మిషన్ చర్చి. పుట్టిన పిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మం అయిందనిపించి, అచ్చుపుస్తకంలోని ప్రార్థన అక్షరం తప్పకుండా చదివి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి కోడికూర తినే భక్తి మాది. ఊరి చివర రేకుల షెడ్లలో కూడుకునే వాళ్లను మేము 'తెల్లబట్టల వాళ్లు' అనేవాళ్లం. వాళ్లు చాపల మీద కూర్చుని, చప్పట్లు కొట్టి, అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థించేవారు. (దేవుడికి చెవుడా అని మేము అడిగేవాళ్లం. దేవుడితో మాట్లాడటానికి మీకు పుస్తకం కావాల్నా అని వాళ్లు అడిగేవారు.) నిండా ముంచితే గాని వాళ్ల లెక్కలో మనిషి తడిసినట్టు కాదు. ఒంటి మీద గురిగింజంత బంగారం ఉన్నా వాళ్ల దగ్గర దీవెన లేదు. ఇక శనివారం ఆరాధన చేసేవాళ్లు మా రెండు గుంపులనూ కలిపి ఒకే మూటగా నరకానికి పంపేవారు. వాళ్లను తిట్టేటప్పుడు మాత్రం మాకూ తెల్లబట్టల వాళ్లకూ మంచి ఐకమత్యం ఉండేది.

నేను అప్పుడు బజారులో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌ని. మీసం కొత్తగా వచ్చింది, దానితో పాటే జ్ఞానం కూడా వచ్చిందనుకున్నాను. మా అక్క పెళ్లప్పుడు జరిగిన జరీ తగాదాను ఆనాటి నుంచి ప్రతి విందులోనూ, అమ్మ పక్కన లేనప్పుడు చూసి, చెబుతూ వస్తున్నాను. నా కథలో కోడేరు పాస్టరయ్య ఒక అమాయకుడు. ప్లాస్టిక్ దారాన్ని కాల్చి చూసి, బంగారమేనని నమ్మి, బంగారం కూడదన్న తన సంఘం కట్టడను కోడికూర కోసం మింగేసిన మనిషి. ఈ ఘట్టానికి రాగానే ఆయనలా ముక్కు ఎగబీల్చి చూపిస్తాను, జనం పొట్టలు పట్టుకుంటారు. పోయిన నెల మా మేనకోడలి పెళ్లిలో కూడా పట్టుకున్నారు. ఆ తర్వాత విన్న ఒక చిన్న మాట వల్ల, ఆ కథను ఉన్నదున్నట్టు రాసి సరిచేయడం నా బాధ్యత అయింది.

అక్క కోడేరు దవాఖానలో నర్సు. వనపర్తి డిపో బస్సులో ఒక కండక్టరు ఆమె రోడ్డు మీదికి వచ్చేదాకా రైటు చెప్పేవాడు కాదు. అలా మొదలైంది. అతను తెల్లబట్టల వాళ్ల అబ్బాయి అని తెలిసినప్పుడు మా చర్చి ఆడవాళ్లు, అక్క ఏదో అడవి జాతరలో తప్పిపోయినట్టు మొహాలు పెట్టారు. అటువాళ్లు పిల్లకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలన్నారు, అదీ ముంచి. మా చర్చి అయ్యగారికి కోపం వచ్చింది. "చిన్నప్పుడు నేనిచ్చింది పాడైపోవడానికి అదేమన్నా పాలా?" అన్నారు. అక్క తల వంచుకుని, "స్నానమే గద అయ్యగారూ, చేస్త" అని కృష్ణలో మునిగి, జుట్టు పిండుకుని డ్యూటీకి పోయింది. తర్వాత తాళి వద్దన్నారు. గాజులు, పూలు కూడా వద్దన్నారు. మా అమ్మ ఏడుస్తూ ఒక్కొక్కటే వదిలింది. చీర దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేల మీద కూర్చుండిపోయింది.

"గద్వాల పిల్ల గద్వాల చీర కట్టక ఇంకేం కడ్తది? జరీ లేకుండ వట్టి తెల్లచీర కట్టించి పంపాలంటే నా బిడ్డేమన్న మొగన్ని పోగొట్టుకున్నదా?"

ఆ చీర నేనే మా దుకాణం నుంచి తెచ్చాను. ఒళ్లంతా తెల్లటి నూలు, అంచూ కొంగూ పట్టు, వాటి నిండా జరీ. అమ్మ దాన్ని మా చర్చి ఆడవాళ్లందరికీ ఇంటింటికీ తిరిగి చూపించింది. అసలు జరీ అని వాళ్ల వేళ్లు పట్టుకుని మరీ తడిమించింది. దాని అంచు గురించి మాట పడితే అమ్మ తల ఎత్తుకుని గుడికి, సారీ, చర్చికి వెళ్లే పరిస్థితి ఉండదు. (మా అయ్యగారు ఈ పొరపాటు చదివితే నాకు మళ్లీ నాలుగు చుక్కలు చల్లుతారు.)

ప్రధానం రోజు మా ఇంటి ముందు షామియానా వేశాం. ఒకవైపు మా అయ్యగారు పొడుగు అంగీ వేసుకుని కుర్చీలో. మరోవైపు కోడేరు పాస్టరయ్య, వారంలో ఆరురోజులు పల్లికాయ చేనులో పనిచేసే బక్కమనిషి, తెల్ల లుంగీతో చాప మీద. (కుర్చీ వేస్తే కూర్చోలేదు. గర్వం కాదు, అలవాటు. మేము మాత్రం గర్వమనే రాసుకున్నాం.) ఆయన పక్కన వాళ్ల సంఘపెద్ద. ప్రతిదాన్నీ కొలిచి తప్పు తీస్తాడని వాళ్ల వాళ్లే అతన్ని కొలబద్ద పెద్దన్న అనేవారు. అతనే చీర పట్టుకుని ఎండకు పెట్టి చూశాడు.

"ఇండ్ల బంగారం ఉన్నదా అక్కా?"

"ఉన్నది. అసలు జరీ" అంది అమ్మ.

"అయితే కుదరదు. బంగారం ఒంటి మీద పెట్టుకుంటే మా సంఘంల పెండ్లి కాదు."

మా అయ్యగారు గొంతు సవరించుకున్నారు. వాక్యంలో ఎవరెవరికి కడియాలు పెట్టారో ఆ చోట్లన్నీ వరుసగా చెప్పారు. కొలబద్ద పెద్దన్న, ఎవరెవరి చేత అవి తీయించారో ఆ చోట్లన్నీ చెప్పాడు. ఇద్దరూ చదివింది ఒకే గ్రంథం. పావుగంటలో అందులోంచి ఒక నగల దుకాణం తెరిచి మూసేశారు. "జరీ నగ కాదు, దారం" అని అయ్యగారు. "దారానికి బంగారం పూస్తె దారమే అంటమా? మరి పామును తాడంటమా?" అని పెద్దన్న. చివరికి ఎవరో, "దుకాణంల పనిచేసేటోడు ఇక్కడ్నే ఉన్నడు గద, వాన్ని అడుగుండ్రి" అన్నారు. అందరూ నావైపు తిరిగారు.

పెళ్లి నిలబడే మాట చెప్పడం చాలా తేలిక. 'పైపైన మెరుపే పెద్దన్నా, బంగారం లేనట్టే లెక్క' అంటే ఇద్దరికీ మర్యాద దక్కేది. కానీ ఆ రేకుల షెడ్డు వాళ్ల ముందు తగ్గడమా? నేను ఛాతీ విరిచి, "నిఖార్సైన బంగారం! మా దుకాణంల నకిలీ అన్నదే ఉండదు. మీకు నచ్చకుంటే మా అక్క మీ షెడ్డుకు పరదగుడ్డ చుట్టుకొని రావాల్నా?" అన్నాను.

కొలబద్ద పెద్దన్న కండువా దులిపి లేచాడు. వాళ్ల వాళ్లు ఒక్కొక్కరే లేచారు. గేటు దగ్గర నిలబడిన పెళ్లికొడుకు మొహం, టికెట్ల సంచి పోగొట్టుకున్న కండక్టరులా అయింది. తలుపు చాటున అక్క ద్వారబంధం పట్టుకుని నిలబడింది. చాలా ఏళ్ల నుంచి రోగుల చావులు చూస్తున్న మనిషి, ఆమె ఏడవలేదు. నన్ను చూసింది, అంతే. ఆ చూపు నా విందు కథలో ఎప్పుడూ లేదు.

"కూసోండ్రి" అన్నాడు కోడేరు పాస్టరయ్య. అప్పటిదాకా ఆయన మాట్లాడనే లేదు. "అమ్మా, ఒక్క పోగు తీయనిస్తవా? కాల్చి చూస్త. బంగారం కాకుంటే మాకు పేచీ లేదు."

"కాల్చుండ్రి. నాకేం భయం?" అంది అమ్మ.

రోజుకు వందసార్లు 'అసలు జరీ' అని ప్రమాణం చేసే నాకు, అది అసలో కాదో తెలియదని అప్పుడే తెలిసింది. సేటు చెప్పమన్నాడు, నేను చెప్పాను. అప్పటిదాకా ఒక్క గిరాకీ కూడా కాల్చి చూడలేదు.

అగ్గిపెట్టె దొరకలేదు. మా చర్చి కొవ్వొత్తి ఒకటి ప్రార్థన కోసం వెలుగుతోంది. (వాళ్లు కొవ్వొత్తులు కూడా ఒప్పుకోరు. ఆ రోజు సర్దుకున్నారు.) పాస్టరయ్య కొంగు చివర నుంచి ఒక పోగు లాగి మంట మీద పెట్టాడు. అది ముడుచుకుని నల్లటి చిన్న ఉండ అయింది. కాలిన ప్లాస్టిక్ బకెట్ వాసన గుప్పున కొట్టింది. నేను షామియానా గుడ్డ మీది పువ్వుల్ని చూస్తున్నాను. పాస్టరయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి నన్ను చూశాడు. తర్వాత, చీరను ఎదకు హత్తుకుని మా చర్చి ఆడవాళ్లందరి ముందు నిలబడిన అమ్మను చూశాడు.

"బంగారమేనమ్మా" అన్నాడు. "మంచి బంగారం."

అమ్మ మొహం వెలిగిపోయింది. కొలబద్ద పెద్దన్న మాత్రం వదల్లేదు. "బంగారమైతే ఎట్లయ్యా మరి?"

"ఎట్లేముంది? దీవిస్త."

"మన కట్టడ?"

"కట్టడ యాడికి పోతది పెద్దన్నా, రేపు గూడ ఉంటది. పిల్ల పెండ్లి ఉండదు."

మా అయ్యగారు వాక్యానుసారం మేమే గెలిచామని అక్కడికక్కడే ప్రకటించి భోజనానికి లేచారు. నేను మర్నాడు దుకాణం తెరవగానే సేటును నిలదీశాను. "సేటూ, మనది అసలు జరీ కాదా?" ఆయన లెక్కల్లోంచి తల కూడా ఎత్తలేదు. "అసలు జరీ నీ జీతంల వస్తదారా? పని చూస్కో."

పెళ్లి కోడేరులో, వాళ్ల రేకుల షెడ్డులోనే జరిగింది. అక్క ఆ చీరే కట్టింది. దీవెన సమయానికి కొలబద్ద పెద్దన్న లేచి బయటికి పోయాడు, అతని వెనక సగం సంఘం పోయింది. కొద్దిరోజుల్లోనే ఎదురుగా ఇంకో షెడ్డు లేచింది. అవే చాపలు, అవే పాటలు, రెండు మైకులు ఒకదాని ముఖం మీద ఒకటి. పాస్టరయ్యకు మిగిలింది నాలుగు కుటుంబాలూ, ఆయన పల్లికాయ చేనూ. నేను దీన్ని కూడా కథలో కలిపేశాను: 'ప్లాస్టిక్ దారంతో చీలిన సంఘం!' అని. జనం బాగా నవ్వేవారు. ఎదురుగా కూర్చున్న మా బావ మాత్రం ఏ విందులోనూ నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. హాస్యం తెలియని మనిషి అనుకునేవాణ్ని.

పోయిన నెల పెళ్లి గద్వాల ఫంక్షన్ హాల్లో. మేనకోడలి వరుడిది ఇంకో రకం చర్చి: జీన్స్ ప్యాంటు పాస్టరు, గిటార్లు, గోడంత తెర మీద పాటలు. (వాళ్ల లెక్కలో మేమంతా పాతసామాను.) పాత చీరలే ఇప్పుడు ఫ్యాషనని మేనకోడలు పట్టుబట్టి వాళ్లమ్మ పెళ్లిచీరే కట్టింది. ఇంకేముంది, అమ్మ పెళ్లికూతురి గదిలో ఉండగా నాకు మైకు దొరికింది. ముక్కు ఎగబీల్చి చూపించాను, హాలు దద్దరిల్లింది. కిందికి దిగితే, చివరి వరసలో కూర్చున్న ఒక ముసలామె పిలిచింది. తెల్లచీర, బోసి చెవులు. కోడేరు పాస్టరమ్మ. ఆయన పోయి చాలాకాలమైంది. ఆమెను బావ పిలిచాడట, నాకు తెలియదు.

"మంచిగ నవ్విస్తివి నాయనా" అంది. "మా ఆయన ఉంటే ఆయన గూడ నవ్వుతుండె. కానీ ఆయన ముక్కు మంచిగనే పనిచేస్తుండె."

నేను మైకు పట్టుకునే ఆమె ముందుకు వంగాను.

"ఆ దినం ఇంటికొచ్చి అన్నం తినలే. 'అబద్ధం ఆడి వచ్చిన, దేవుడు ఏం జేస్తడో చేయనీ. ఆ తల్లి ముఖం చూస్తె నోరు రాలే. ఆ దుకాణం పిల్లగాడు గూడ బెదిరిపోయి ఉండె' అన్నడు."

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నేండ్లు?" అన్నాను.

"చెప్తె ఏమొస్తది? మీ అమ్మకు చీర పోతది."

నేను చేతులు జోడించాను. ఆమె నా చేతుల మీద ఒకటి వేసి, "తప్పుకో, మీ అమ్మ వస్తున్నది" అంది. నిజంగానే అమ్మ చేతికర్ర పట్టుకుని వస్తోంది, మరో చేత్తో మనవరాలి కొంగు లాక్కొస్తోంది. "చూస్తివా వదినా! ఇన్నేండ్లయినా అంచు మసకన్న పట్టలే!"

"ఎట్ల పడ్తది? మంచి బంగారం గద" అంది పాస్టరమ్మ.

వెండి తీగకు బంగారం పూసిన అసలు జరీ ఏళ్లు గడిస్తే నల్లబడుతుంది. ఇప్పుడు నాకూ చిన్న దుకాణం ఉంది, ఆ సంగతి తెలుసు. పుట్టింది మొదలు గద్వాల మగ్గాల మధ్య బతికిన మా అమ్మకు తెలియదా? ఆ ఇద్దరు ముసలమ్మలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకరి భుజం మీద ఒకరు పడి, పళ్లు లేని నోళ్లతో కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. పెళ్లికూతురు ఏమైందని అడిగితే, "నీకు తెల్వదు పో" అన్నారు.

నేను పక్కన నిలబడి ఉన్నాను, చేతిలో ఇంకా మైకు ఉంది. ఇన్నేళ్లూ ఆ షామియానా కింద ముక్కున్నవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను.