నాలుగో వారం సారు

అనాటమీ ప్రొఫెసరుగారు ఏ సంగతి చెప్పాలన్నా కడుపులో పిండం నాలుగో వారం నుంచి మొదలుపెట్టాల్సిందే. ల్యాబ్‌లో ఫ్యాను ఎందుకు తిరగడం లేదని అడిగినా అంతే. ముందు పిండం ముడుచుకోవాలి, ఆ తర్వాతే ఫ్యాను. కాలేజీలో ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన నాలుగో వారం సారు.

ఈ అవస్థ పద్నాలుగేళ్ళుగా పడుతున్నది ల్యాబ్ ఆయమ్మ. సీసాల్లో నమూనాల దుమ్ము తుడవడం, బల్లలు కడగడం, సారు పాఠం కోసం చేసిన మట్టి బొమ్మల్ని మళ్ళీ ముద్ద చేసి డబ్బాల్లో పెట్టడం ఆమె పని. రంగులు మాత్రం కలవకూడదు. కిడ్నీలూ వాటి గొట్టాలూ పిండం నడిమి పొర నుంచి పుడతాయి కాబట్టి ఎర్రమట్టి. మూత్రసంచి లోపలి పొర నుంచి కాబట్టి పచ్చమట్టి. ఒకసారి రెండూ కలిసిపోతే సారు రోజంతా ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చున్నారు.

మనిషికి కిడ్నీలు మూడుసార్లు పుడతాయని వారానికోసారైనా చెప్పేవారు. మొదటి జత ఎందుకూ కొరగాకుండా పోతుంది. రెండోది కొన్నాళ్ళు పనిచేసి, తన గొట్టం నుంచి మూడోదానికో మొలకనిచ్చి పోతుంది. నిలిచేది మూడోదే.

"రెండోది నాలాగా కాంట్రాక్టు ఉద్యోగి అన్నమాట" అనేది ఆయమ్మ, బల్ల కింద తుడిచి మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. పద్నాలుగేళ్ళలో ఆమెను పర్మనెంటు చేసిన నాథుడు లేడు. కూర్చోమన్నది సారొక్కరే. కానీ కూర్చుంటే నాలుగో వారం వినాలి. అందుకని ఎంత నడుం లాగినా నిలబడే ఉండేది.

ఆ ఏడాది ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. పాపకు ఒక కిడ్నీ పైకి రాకుండా పొత్తికడుపులోనే ఉండిపోయిందని స్కానింగులో తేలింది. అది బాగానే పనిచేస్తోంది, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నాడు డాక్టరు. వియ్యపురాలు మాత్రం ఆరో నెలలో కోడలు నీళ్ళ బకెట్లు మోసినందుకే కిడ్నీ జారిందని తీర్పు చెప్పేసింది. మోయించిందెవరని అడిగే నోరు ఆ ఇంట్లో లేదు. మూడు నెలలైనా తల్లీబిడ్డల్ని తీసుకెళ్ళలేదు. ఆడదాని కడుపులో ఏం జరిగినా సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆడదే కదా.

సంగతి విని సారు వియ్యపురాల్నీ అల్లుణ్ణీ ల్యాబ్‌కు తీసుకురమ్మన్నారు. ఉన్న కాస్త ఆశా నాలుగో వారంలో మునిగిపోతుందనుకుంది ఆయమ్మ.

అనుకున్నట్టే అయింది. వియ్యపురాలు తప్పెవరిదో చెప్పమంటే, వస్తున్నా, ఇంకా ఐదో వారమే కదా అన్నారాయన. ఆయన చేతుల్లో ఎర్రమట్టి మొలక పెరిగింది, చుట్టూ ఉన్న ముద్ద దాన్ని పట్టుకుంది. రెండూ కలిస్తేనే కిడ్నీ. అల్లుడు ఆవలించాడు. ఆరో వారంలో రెండు కిడ్నీలూ కింద నుంచి పైకి బయల్దేరాయి. ఒకటి దారిలో ఆగింది.

"తొమ్మిదో వారానికి ప్రయాణం అయిపోయిందమ్మా. బకెట్లు ఎప్పుడు మోసిందన్నారు?"

"ఆరో నెలలో."

"అప్పటికి ఇది ఇక్కడ స్థిరపడి మూడు నెలలు దాటింది. ఆగిపోయినదాన్ని బకెట్టు ఎలా జారుస్తుంది?"

వియ్యపురాలు ఆ ఎర్రముద్దను వేలితో నొక్కి చూసింది. "అయితే మూడో నెలలోనే ఏదో చేసుంటుంది" అంది.

"అర్థమైనట్టు లేదు. మళ్ళీ నాలుగో వారం నుంచి చెబుతాను" అని సారు మట్టి ముద్ద చేయబోయారు.

అల్లుడు లేచి నిలబడ్డాడు. "వద్దు సార్, తప్పెవరిదీ కాదు. అమ్మా, లే. పాపనీ తల్లినీ తీసుకెళ్దాం."

వాళ్ళు వెళ్ళాక ఆయమ్మ ఎర్రమట్టినీ పచ్చమట్టినీ విడదీస్తూ, అన్నీ నాలుగో వారం నుంచే ఎందుకు మొదలుపెడతారని అడిగింది.

"తప్పు వెతికేవాళ్ళు చివర్నుంచి మొదలుపెడతారమ్మా. అక్కడెప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది" అన్నారు సారు.

ఆయమ్మ చేతులు కడుక్కుంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

"ఇప్పుడు చెప్పండి సార్" అంది. "ఆ ఫ్యాను ఎందుకు తిరగడం లేదు?"